ఒకే ట్రిప్పులో అడవీ, సముద్రం: కెమెరా పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలి?

కెన్యాలోని మసాయి మారా నుంచి మొదటిసారి తిరిగొచ్చినప్పుడు నా దగ్గర 412 క్లిప్పులున్నాయి. ఎడిటింగ్‌కి కూర్చుంటే వాటిలోంచి రెండు నిమిషాల వీడియో కూడా రాలేదు. సింహం పడుకుని ఉంది, ఎనిమిది సెకన్లు. సింహం ఆవులించింది, ఐదు సెకన్లు, మధ్యలో జీపు ఊగింది. చెట్టు మీద చిరుత, కానీ ఆకుల్లోంచి తోక మాత్రమే వేలాడుతోంది. విడివిడిగా చూస్తే ఏ క్లిప్పూ తీసిపారేసేది కాదు. కానీ ఒకదానికి ఇంకోటి అతకదు. ఆ జంతువు ఎక్కడినుంచి వచ్చింది, ఏం చేయబోయింది, చివరికి చేసిందా లేదా అన్నది ఎందులోనూ లేదు.

రెండేళ్ళ తర్వాత ఇండోనేషియాలో ఒక నల్ల ఇసుక తీరం దగ్గర నాలుగు రోజులు ఒకే కోతుల గుంపు వెనక తిరిగాను. తొంభై క్లిప్పులే తెచ్చాను. వాటితో ఆరు నిమిషాల వీడియో అయింది. మా అమ్మ చివరిదాకా చూసింది. ఆవిడ సీరియల్ మధ్యలో వచ్చే ప్రకటనలకే లేచి వెళ్ళిపోయే మనిషి.

అందుకే ఎవరైనా "నేల మీదా తీయాలి, నీటి కిందా తీయాలి, సెలవు పన్నెండు రోజులే, ఎక్కడికి వెళ్ళమంటావు?" అని అడిగితే నేను బడ్జెట్ తర్వాత అడుగుతాను. ముందు చూడాల్సింది, అక్కడి జంతువు మన కెమెరా ముందు ఎంతసేపు ఉంటుందని. పేరున్న జంతువా, అరుదైనదా అన్నవి ఆ తర్వాత సంగతి.

ముందు గంటల లెక్క

సఫారీలో రోజుకు ఏడెనిమిది గంటలు జీపులోనే ఉంటాం. అందులో పనికొచ్చే వెలుతురు పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర. తొమ్మిదిన్నర దాటాక నేల వేడెక్కి గాలి అలల్లా కదులుతుంది. అప్పుడు 500 ఎంఎం లెన్సుతో దూరంగా ఉన్న జింకను తీస్తే, మరుగుతున్న ఎసరు ఆవిరి వెనక నిలబడినట్టు వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సుకైనా ఇది తప్పదు. దగ్గరికి వెళ్ళాలి, లేదా కెమెరా కింద పెట్టి టీ తాగాలి.

నీటి కింద టైమ్ ఇంకా తక్కువ. ఒక డైవ్ అంటే 50 నుంచి 60 నిమిషాలు. రోజుకు మూడు డైవ్‌లు చేస్తే మూడు గంటలు. దిగడం, పైకి రావడం, మధ్యలో ఆగడం, గాలి ఎంతుందో చూసుకోవడం, ఇవన్నీ పోగా కెమెరా నిజంగా నడిచేది రెండు గంటలు. పన్నెండు రోజుల్లో రాకపోకలకు మూడు రోజులు, అడవి నుంచి సముద్రానికి మారడానికి ఒక రోజు తీసేయండి. మిగిలిన ఎనిమిదిలో సగం నీటికి ఇస్తే, నీటి కింద మనకున్నది మొత్తం ఎనిమిది గంటలు. అందులో ఆరు గంటలు జంతువును వెతకడానికే పోయే చోటుకి వెళ్ళాలా, దిగగానే కనిపించే చోటుకి వెళ్ళాలా అన్నదే అసలు ప్రశ్న.

కెన్యా: అడవికి ఫస్ట్ క్లాస్, సముద్రానికి పాస్ మార్కులు

మారాలో జంతువులు కనిపించవేమోనన్న టెన్షన్ ఉండదు. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు (ఎద్దులాంటి పెద్ద జింకలు) పక్క దేశం టాంజానియాలోని సెరెంగెటి నుంచి వచ్చి మారా నది దాటే కాలం జులై నుంచి అక్టోబరు దాకా. కానీ నది దాటడం అనేది బస్సు టైమ్ ప్రకారం జరిగే పని కాదు. గుంపు ఒడ్డుకొస్తుంది, నీళ్ళు చూస్తుంది, వెనక్కి పోతుంది. నాలుగు గంటలు కూర్చున్నాక పక్క మలుపులో దాటేస్తాయి. అప్పటికి అక్కడ ముప్ఫై జీపులు అడ్డంగా నిలబడి ఉంటాయి.

ఫీజు కూడా తేలిక కాదు. 2024 నుంచి మారా రిజర్వ్‌లో విదేశీయులకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. బస, జీపు ఖర్చులు దీనికి అదనం. అయినా వెళ్తానంటే నా సలహా: రిజర్వ్ లోపల కాకుండా దాన్ని ఆనుకుని ఉన్న నబోయిషో, మారా నార్త్ లాంటి కన్సర్వెన్సీల్లో, అంటే స్థానికుల భూముల్లో నడిచే ప్రైవేటు రక్షిత ప్రాంతాల్లో, బస చూసుకోండి. అక్కడ జీపులు తక్కువ, దారి వదిలి జంతువు దగ్గరికి వెళ్ళనిస్తారు, రాత్రి సఫారీ కూడా ఉంటుంది. నేను మొదటిసారి తప్పు చేసింది ఇక్కడే. డబ్బులు మిగులుతాయని ఆరుగురు కలిసి ఎక్కే వ్యాన్‌లో సీటు తీసుకున్నాను. ఒకాయనకు ఏనుగు కావాలి, ఇంకొకరికి భోజనం టైమ్ దాటకూడదు. ఏ సింహం దగ్గరా పది నిమిషాలకు మించి ఆగలేదు. వీడియో తీసేవాళ్ళు ఫొటో తీసేవాళ్ళతో కూడా జీపు పంచుకోకపోవడమే మేలు. వాళ్ళకు అర సెకను చాలు, "అయిపోయింది, పదండి" అంటారు. పైగా వాళ్ళు సీట్లో కదిలిన ప్రతిసారీ మన ఫ్రేమ్ కూడా కదులుతుంది.

ఇక సముద్రం. వతాము, మలిందీ దగ్గర 1968 నుంచే మెరైన్ పార్కులున్నాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, మారాలో నది దాటే సీజన్‌లో ఇటు తీరంలో ఆగ్నేయం నుంచి గాలి కొడుతూ ఉంటుంది, నీళ్ళు కలగలిసి మసగ్గా ఉంటాయి. డైవింగ్ బాగుండేది అక్టోబరు నుంచి మార్చి దాకా. రెండూ కాస్త కలిసొచ్చేది అక్టోబరులోనే. అప్పటికి మారాలో రద్దీ కూడా కొంత తగ్గుతుంది. కెన్యా అయితే అక్టోబరు, ఇంకో నెల పేరెత్తను.

కెన్యాకు వెళ్ళేవాళ్ళు మరచిపోకూడనివి ఇంకొన్ని. ఎల్లో ఫీవర్ టీకా లేకుండా వెళ్ళొస్తే ఇండియాలో దిగాక ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టే రూల్ ఉంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కోండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితకాలం సరిపోతుంది. కెమెరాను దుమ్ము నుంచి కాపాడుకుందామని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు తీసుకెళ్ళకండి, 2017 నుంచి అక్కడ నిషేధం. పాత దిండు గలీబు చాలు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి, మారాకు వెళ్ళే చిన్న విమానాల్లో చేతి సామాను కలుపుకుని 15 కిలోలే అనుమతిస్తారు, అదీ మెత్తటి బ్యాగులోనే. పెద్ద లెన్సు, అండర్‌వాటర్ హౌసింగ్ (కెమెరాకు నీళ్ళు తగలకుండా తొడిగే గట్టి పెట్టె), లైట్లు అన్నీ కలిపి 15 కిలోల్లో ఇమిడించడం నావల్ల కాలేదు. రోడ్డు మీద వెళ్ళాను, నడుము పోయింది.

శ్రీలంక: డైవింగ్ రానివాళ్ళకు ఇదే

చెన్నై నుంచి గంటన్నర విమానం. అన్నిటికన్నా చవక. చాలామంది యాలాలో చిరుత, మిరిస్సాలో నీలి తిమింగలం అని ప్లాన్ వేసుకుంటారు. ఫిబ్రవరి, మార్చిలో రెండూ దొరుకుతాయి, నిజమే. కానీ తిమింగలాన్ని పడవ మీంచి తీయడమే, నీళ్ళలోకి దిగాలంటే వన్యప్రాణి శాఖ పర్మిట్ కావాలి. "మేం దింపుతాం" అని తీరంలో చెవిలో చెప్పేవాళ్ళ మాట వినొద్దు. యాలాలో చిరుత కనిపిస్తే జీపులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. శబ్దం మొత్తం హారన్లు, డ్రైవర్ల అరుపులే.

నేను చెప్పే రూటు వేరు. ఆగస్టు, సెప్టెంబరులో మిన్నేరియా వెళ్ళండి. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు తవ్వించిన చెరువు అది. ఎండల్లో నీళ్ళు వెనక్కి తగ్గి, తేలిన నేల మీద పచ్చగడ్డి మొలిచి, చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగులు వందల సంఖ్యలో మేతకు దిగుతాయి. పిల్ల ఏనుగు తొండంతో గడ్డి పీకడం చేతకాక, మోకాళ్ళ మీద వంగి నోటితో కొరుకుతూ ఉంటుంది. అలాంటి దృశ్యాన్ని అరగంట పాటు తీయొచ్చు, ఎటూ పోదు. ఏదైనా ఏడాది చెరువులో నీళ్ళు తగ్గకపోతే ఏనుగులు పక్కనున్న కౌడుల్లకు పోతాయి, స్థానిక డ్రైవర్లకు ఆ సంగతి ఆ రోజు పొద్దున్నే తెలిసిపోతుంది. అక్కడినుంచి రోడ్డు మీద రెండు గంటల్లో ట్రింకోమలి. దాని దగ్గర పిజన్ ఐలాండ్ చుట్టూ మెడలోతు నుంచి నిలువులోతు నీళ్ళలో నల్ల రెక్కల రీఫ్ సొరలు తిరుగుతుంటాయి. మామూలుగా మనిషిని కరిచే రకం కాదు, మనల్ని చూస్తే అవే పక్కకు తప్పుకుంటాయి. స్నార్కెల్, మామూలు గోప్రో చాలు. పొద్దున మొదటి పడవలో వెళ్ళాలి, పది దాటితే జనం.

భార్యాపిల్లలతో వెళ్ళాలన్నా, ఇంకా స్కూబా సర్టిఫికెట్ లేకపోయినా నేను శ్రీలంకే అంటాను. ఉన్నవాళ్ళకు మాత్రం నీటి కింద ఇంతకంటే మంచి చోట్లున్నాయి.

కొమోడో: చూడ్డానికి బ్రహ్మాండం, తీయడానికి జాగ్రత్త

బాలి నుంచి గంటకు పైగా విమానంలో లబువాన్ బాజో. అక్కడినుంచి పడవ. కొమోడో డ్రాగన్ మన ఉడుముకు పెద్దన్న, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. ఇంకెక్కడా లేదు కాబట్టి తీసిన ప్రతి షాట్‌కీ విలువుంది. కానీ నిజం చెప్పాలంటే రోజులో ఎక్కువ భాగం అది నీడలో బొర్లా పడుకుంటుంది. కొనకు చీలిన కర్ర పట్టుకున్న రేంజర్ వెంట గంటో రెండు గంటలో నడవనిస్తారు. ఆ కాసేపట్లో అది లేచి నాలుక చాస్తూ నాలుగు అడుగులు వేస్తే మన అదృష్టం. జులై, ఆగస్టులో జతకట్టే కాలం కాబట్టి మగవి కాస్త చురుగ్గా తిరుగుతాయి. మధ్యాహ్నం వెళ్ళి లాభం లేదు, మొదటి పడవ మీదే.

నీటి కింద మాత్రం ఈ జాబితాలో అన్నిటికంటే అందమైన చోటు ఇదే కావచ్చు. పెద్ద పెద్ద మాంటా టేకు చేపలు ఒకే రాయి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చి, చిన్న చేపలతో ఒళ్ళు శుభ్రం చేయించుకుంటాయి. రాయికి కాస్త దూరంగా అడుక్కి ఆనుకుని కదలకుండా ఉంటే చాలు, మన నెత్తి మీంచే వెళ్తాయి. సమస్యల్లా నీటి ప్రవాహం. దీవుల మధ్య సందుల్లోంచి సముద్రం నదిలా పారుతుంది. బతు బొలోంగ్ లాంటి చోట్ల రాయి ఒక పక్క ప్రశాంతం, మూల తిరిగితే లాక్కుపోతుంది. ఇరవై డైవ్‌లు కూడా చేయనివాళ్ళు ఒక చేత్తో కెమెరా పట్టుకుని ఇక్కడ దిగడం నాకు ఇష్టం లేదు. కెమెరా మాట దేవుడెరుగు, ముందు మనం బయటికి రావాలి. యాభై డైవ్‌లు దాటినవాళ్ళయితే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

లెంబె, తంకోకో: నా ఓటు దీనికే

ఉత్తర సులవేసిలో బితుంగ్ అనే ఓడరేవు ఊరుంది. ఊరికి, ఎదురుగా ఉన్న లెంబె దీవికి మధ్య సన్నటి జలసంధి. మొదటిసారి దిగినవాళ్ళు మొహం మాడ్చుకుంటారు. నల్లటి అగ్నిపర్వతపు ఇసుక, అక్కడక్కడా సీసాలు, చెప్పులు, పాత వల ముక్కలు. పగడాలు పెద్దగా కనిపించవు. దీన్ని మక్ డైవింగ్ అంటారు, తెలుగులో చెప్పుకోవాలంటే బురదలో వెతుకులాట.

రెండో రోజు మా గైడు ఒక చోట ఆగి ఇసుక మీద వేలితో చూపించాడు. నాకు రెండు కొబ్బరి చిప్పలు కనిపించాయి, మన వంటింట్లో కోరు తీసి పారేసేలాంటివి, నాచు పట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టున్నాయి. సందులోంచి ఒక కన్ను. మేం రెండు మీటర్ల దూరంలో మోకాళ్ళ మీద ఉండిపోయాం. ఏడెనిమిది నిమిషాలకు పై చిప్ప కాస్త లేచింది, రెండు చేతులు బయటికొచ్చి ఇసుకను తడిమాయి. తర్వాత ఆక్టోపస్ మొత్తం బయటికొచ్చి, ఒక చిప్పను ఇంకో చిప్పలో గిన్నెల్లా పేర్చి, వాటి మీద తాను కూర్చుని, అంచుల మీదుగా చేతులు కిందికి దించి, పొయ్యి మీది బిందెను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచింది. నిజంగా నడిచింది, కాళ్ళకు కర్రలు కట్టుకున్న పగటివేషగాడిలా. ఐదారు మీటర్లు వెళ్ళి మళ్ళీ లోపల దూరి తలుపేసుకుంది. పనిముట్టు వాడే జంతువుల జాబితాలోకి ఈ ఆక్టోపస్ 2009లో ఎక్కింది. అదే చోట వరసగా మూడు డైవ్‌లు చేశాం, మూడుసార్లూ అక్కడే ఉంది.

లెంబె గొప్పతనం ఇదే. ఇక్కడి జంతువులు చిన్నవి, నెమ్మదైనవి, ఒక చోట పట్టుకుని ఉండేవి. వెంట్రుకల కప్పచేప గంటల తరబడి కదలదు. గోరంత సముద్రపు గుర్రం ఒకే పగడపు విసనకర్ర మీద నెలల తరబడి ఉంటుంది కాబట్టి గైడ్లకు చిరునామా తెలుసు. ఎక్కువ చోట్ల ప్రవాహం తక్కువ, లోతు కూడా 20 మీటర్ల లోపే తీయడానికి బోలెడు దొరుకుతుంది. పెద్ద డోమ్ (హౌసింగ్ ముందు బిగించే గుండ్రటి గాజు), పెద్ద లైట్లు అక్కర్లేదు. ఒక్క షరతు: కాళ్ళకు తొడుక్కున్న ఫిన్ అడుగుకు తగిలిందా, బురద లేచి మీకూ, మీ వెనకవాళ్ళకూ పది నిమిషాలు షో క్యాన్సిల్. తేలుతూ నిలబడటం వచ్చాకే కెమెరా. కొందరు గైడ్లు టిప్పు కోసం కర్రతో ప్రాణిని పొడిచి కదిలిస్తారు. దిగే ముందే "ముట్టుకోవద్దు" అని చెప్పేయండి, వాళ్ళు గౌరవిస్తారు.

ఇక నేల. బితుంగ్ నుంచి కారులో గంట ప్రయాణం చేస్తే తంకోకో అడవి. అక్కడి నల్ల కోతులను స్థానికులు యాకి అంటారు. నెత్తి మీద జుట్టు దువ్వి నిలబెట్టినట్టుంటుంది, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న జాతి. పరిశోధకులు ఏళ్ళ తరబడి వెంట తిరగడంతో ఇక్కడి కొన్ని గుంపులకు మనిషి అలవాటయ్యాడు. జీపు లేదు, గేటు టైమింగ్ గొడవ లేదు. పొద్దున్నే గైడుతో నడిచి గుంపును పట్టుకుంటే, వాటితోపాటే నడవొచ్చు. తల్లి ఒళ్ళో పిల్ల, పేలు చూసుకునే అక్కచెల్లెళ్ళు, పండు కోసం కొట్లాట, అన్నీ ఐదారు మీటర్ల దూరంలో. 70-200 లెన్సు చాలు, మెడలు వంచే పెద్ద లెన్సు ఇంట్లో పెట్టి వెళ్ళొచ్చు. 2011లో ఒక కోతి బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ స్లేటర్ కెమెరాతో తన ఫొటో తానే తీసుకుని, కాపీరైట్ ఎవరిదంటూ అమెరికా కోర్టుల దాకా పోయిన గొడవ గుర్తుందా? అది ఈ జాతి కోతే. వాటికి తిండి చూపించకండి, బ్యాగు జిప్పు వేసి ఉంచండి, అంతే.

సాయంత్రం చీకటి పడే వేళకు పెద్ద మర్రి జాతి చెట్టు తొర్రలోంచి టార్సియర్‌లు బయటికొస్తాయి. అరచేతిలో పట్టే జంతువు, ఒక్కో కన్ను దాదాపు దాని మెదడంత ఉంటుంది. రోజూ అదే చెట్టు, దాదాపు అదే టైమ్. అందుకే మొదటి రోజు ఫ్రేమ్ చెడినా రెండో రోజు సరిచేసుకోవచ్చు. ఇబ్బంది వెలుతురుతోనే. ఎఫ్2.8 లేదా అంతకంటే పెద్ద అపర్చర్ లెన్సు లేకపోతే గింజలు గింజలుగా వస్తుంది. ఆ కళ్ళలోకి టార్చి సూటిగా కొట్టడం మాత్రం పాపం, గైడు కొడుతున్నా ఆపమనండి.

ఇండోనేషియాకు మనవాళ్ళకు దిగాక వీసా ఇస్తారు, 5 లక్షల రుపియాలు, 30 రోజులు. సింగపూర్ మీదుగా గానీ జకార్తా మీదుగా గానీ మనాదో చేరాలి, పోను ఒకటిన్నర రోజు వేసుకోండి. లోపమేమిటంటే, డైవింగ్ చేయని భార్యకో భర్తకో ఇక్కడ నాలుగో రోజుకి పిచ్చెక్కుతుంది. మా ఇంట్లో ఈ విషయం మీద ఇంకా చర్చ నడుస్తోంది.

గాలపాగోస్, దక్షిణాఫ్రికా

ఈక్వడార్ దేశానికి చెందిన గాలపాగోస్ దీవుల్లో జంతువులకు మనిషంటే భయం లేదు. సీ లయన్ పిల్ల వచ్చి లెన్సులో మొహం చూసుకుంటుంది, సముద్ర ఇగువానా (ఉడుములాంటి పెద్ద బల్లి) నీటి అడుగున రాళ్ళ మీది పాచి కొరుక్కుని తింటుంటే పక్కనే ఉండి తీయొచ్చు. జంతువు ఇచ్చే టైమ్ అన్న నా కొలతతో చూస్తే ఇది మొదటి స్థానంలో ఉండాలి. కానీ ఆ టైమ్ మనకివ్వరు. పార్కులో గైడు లేకుండా తిరగనివ్వరు, రెండు మీటర్ల దూరం పాటించాలి, గుంపుతో కలిసి కదలాలి. పార్కు ఫీజు 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు. హ్యామర్‌హెడ్ సొరల గుంపులు, జూన్ నుంచి నవంబరు దాకా వేల్ షార్క్‌లు తిరిగే డార్విన్, వుల్ఫ్ దీవులకు పడవలోనే వారం ఉండే ట్రిప్పులే గతి, వాటికి మనిషికి 6,000 డాలర్లకు పైనే. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా ఆ దేశం వీసా కావాలి. నీళ్ళు చల్లన, ప్రవాహం గట్టిది. ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఈక్వడార్‌కూ వర్తిస్తుంది. రెండు మూడు ట్రిప్పులు చేసి చేయి తిరిగాక, మూడు వారాల సెలవు దొరికినప్పుడు వెళ్ళాల్సిన చోటు.

దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కులో మన కారు మనమే నడుపుకోవచ్చు, కావలసినంతసేపు ఒకే చోట ఆగొచ్చు, అది పెద్ద సుఖం. కారు దిగకూడదు, రోడ్డు దిగకూడదు. జూన్, జులైలో తూర్పు తీరం వెంట జరిగే సార్డీన్ రన్, అంటే సార్డీన్ చేపల మహా వలస, మాత్రం జూదం. వారమంతా పడవలో తిరిగి ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

ముందు అడవా, ముందు సముద్రమా?

సందేహమే లేదు, ముందు అడవి. ఎక్కువ డైవ్‌లు చేసినవాళ్ళు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. ఎత్తైన కొండలెక్కడానికీ ఇదే జాగ్రత్త, టాంజానియాలో 2,300 మీటర్ల ఎత్తున్న గోరొంగోరో అంచు లాంటి చోట్లకు సముద్రం నుంచి సూటిగా వెళ్ళకూడదు. సముద్రం చివర్లో పెట్టుకుంటే ఆ ఒక్క రోజు హౌసింగ్ కడుక్కోవడానికి, ఆరబెట్టుకోవడానికి, క్లిప్పులు రెండో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడానికి సరిపోతుంది. ఇంకో కారణం, ఉప్పునీళ్ళలో కెమెరా పాడైతే అప్పటికి అడవి వీడియో చేతిలో ఉంటుంది.

కెమెరా

నీటి కింద మొదటి ఏడాదికి మిర్రర్‌లెస్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) వద్దని నేను గట్టిగా చెప్తాను. మంచి హౌసింగ్ ధర కెమెరా బాడీ ధరను మించిపోతుంది. పైగా కెమెరా మారిస్తే హౌసింగ్ కూడా మార్చాలి. గోప్రో వెడల్పు దృశ్యాలకు, మాంటాలకు, సొరలకు బాగుంటుంది. హౌసింగ్ లేకుండా 10 మీటర్ల దాకా, దాని హౌసింగ్‌తో 60 మీటర్ల దాకా దిగుతుంది. కానీ చిన్న ప్రాణిని దగ్గరగా తీయమంటే చేతులెత్తేస్తుంది. లెంబెకు అయితే ఓఎం సిస్టమ్ కంపెనీ టీజీ-7 లాంటి చిన్న కాంపాక్ట్ కెమెరా మేలు. 15 మీటర్ల దాకా ఒంటిగా, హౌసింగ్‌తో 45 మీటర్లు. బియ్యపు గింజంత రొయ్యను కూడా ఫ్రేమ్ నిండా చూపిస్తుంది. ఏదైనా సరే, ఒక్క వీడియో లైటైనా ఉండాలి. ఐదు మీటర్లకే ఎరుపు మసకబారి, పదికి దాదాపు మాయమైపోతుంది. లైటు లేని వీడియోలో ఎర్ర చేప కూడా బూడిద రంగులో వస్తుంది.

నేల మీద కెమెరా మీ దగ్గరున్నదే తీసుకెళ్ళండి. కొనాలంటే లెన్సు కొనండి. దానికంటే ముందు ఒక గుడ్డ సంచీ కుట్టించి తీసుకెళ్ళండి, అక్కడికెళ్ళాక అందులో రెండు కిలోల బియ్యం పోసి జీపు కిటికీ మీద పెట్టి లెన్సు ఆనించండి. ట్రైపాడ్ జీపులో పనికిరాదు.

హౌసింగ్ గురించి ఒక మాట. నా పాతది ముంచింది ఒకే ఒక్క వెంట్రుక. ఐదో డైవ్ ముందు హడావిడిగా మూత తీసి బ్యాటరీ మార్చాను. ఓ-రింగ్ అంటే రబ్బరు దారంలా ఉండే ముద్ర, దాని మీద నా కనురెప్ప వెంట్రుకే పడి ఉంటుంది. మూడు మీటర్ల దగ్గర లెన్సు ముందు ఒక బుడగ జారింది. ఎక్కడినుంచి వచ్చిందా అని చూసేలోపు అడుగున వేలెడు నీళ్ళు. ఉప్పునీళ్ళలో బ్యాటరీ బుసబుసమని పొంగడం అప్పుడే చూశాను. ఇప్పుడు పొద్దున హోటల్ రూములో ఫ్యాను ఆపి, తెల్ల తువ్వాలు పరిచి, టార్చి వేసి చూసి మూత వేస్తాను. మధ్యలో తీయను. బ్యాటరీ అయిపోతే ఆ రోజుకు అయిపోయినట్టే. కెమెరా లేకుండా ముందు ఖాళీ హౌసింగ్‌ను ఒకసారి ముంచి చూడటం ఇంకా మంచి అలవాటు.

డైవింగ్ నేర్చుకోవడానికి ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. విశాఖలో రుషికొండ దగ్గర మొదటిసారి దిగి చూడొచ్చు, నీళ్ళు అంత తేటగా ఉండవు, కానీ చెవులు సర్దుకుంటాయా లేదా తెలిసిపోతుంది. కోర్సుకు, తర్వాతి ఇరవై డైవ్‌లకు అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ మేలు. నేల మీద ప్రాక్టీసుకు అక్టోబరు నుంచి మార్చి మధ్య సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టుకు వెళ్ళి, గూడబాతుల్లో ఒకే గూడును పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా తీసి చూడండి. మధ్యాహ్నానికి విసుగొస్తే కన్సర్వెన్సీలకు అంత డబ్బు పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోవచ్చు.

బయల్దేరే రోజు

లిథియం బ్యాటరీలన్నీ చేతి సామానులోనే, డైవ్ టార్చి బ్యాటరీలతో సహా. 100 వాట్ అవర్లు దాటిన పెద్ద వీడియో లైటు బ్యాటరీ అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ఎక్కించరు. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. గాలపాగోస్‌లో అనుమతి లేకుండా ఎగరేయనివ్వరు, కెన్యాలో విమానాశ్రయంలోనే తీసేసుకోవచ్చు, కొమోడోలో విడిగా పర్మిట్ కావాలి. తీసిన వీడియోను ఏదైనా చానెల్‌కు అమ్మే ఉద్దేశం ఉంటే అన్ని చోట్లా షూటింగ్ పర్మిట్ వేరే. టూరిస్టు టికెట్ మీద ట్రైపాడ్లు, అసిస్టెంట్లతో దిగితే ఆపేస్తారు. అలా పెద్ద సామానుతో వెళ్ళేవాళ్ళు మన దేశంలో ఫిక్కి ఇచ్చే ఏటీఏ కార్నెట్ (సుంకం కట్టకుండా సామాను తాత్కాలికంగా తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం) తీసుకోవడం మంచిది.

మనలాంటివాళ్ళకు కార్నెట్ అక్కర్లేదు, కానీ శంషాబాద్‌లో చెక్-ఇన్‌కు ముందు కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నది కాదు" అని చూపించడానికి పనికొచ్చే కాగితం అది. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ రాస్తారు, దానికి అరగంట పడుతుంది. హౌసింగ్ నంబరు లోపలి వైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఇంటి దగ్గరే ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. నేను కౌంటరు మీద మూత విప్పి, వెనకున్న క్యూ అంతా చూస్తుండగా, మళ్ళీ ఓ-రింగ్ తుడుచుకుంటూ నిలబడ్డాను.